చట్టం బీరువాలో ఉంటే సరిపోదు

(మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక న్యాయ గ్రంథాలయ ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల మీద సభ పెడితే లాయర్లను పిలుస్తారు, జడ్జీలను పిలుస్తారు, ఒక్కోసారి పోలీసు అధికారులను కూడా పిలుస్తారు. లైబ్రేరియన్‌ను పిలవడం అరుదు. పిలిచినందుకు సంతోషం. ఈ ఏడాది మా సంఘం కమిటీలో ఏం పని చేశామో చెప్పమన్నారు. అది పెద్ద పోరాటగాథ కాదు. జాబితాలు, చీటీలు, మినిట్స్ పుస్తకం, జిరాక్స్ ఖర్చులు - వీటి కథ. కానీ మీ పనికీ దీనికీ దగ్గర సంబంధం ఉందని నా నమ్మకం.

మాది హైదరాబాదులో న్యాయ గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళ చిన్న సంఘం. కోర్టు లైబ్రరీలు, బార్ లైబ్రరీలు, లా కాలేజీలు, ప్రభుత్వ కార్యాలయాలు - ఇలా తలా ఒక చోట ఉంటాం. నలభై మందికి లోపే. సంఘం అంటే ఇన్నాళ్ళూ జీతాల స్కేళ్ళు, పుస్తకాల కంపెనీల బకాయిలు, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, టీ బిస్కెట్లు. సభ్యుల్లో సగానికి పైగా ఆడవాళ్ళమే ఉన్నా, కమిటీ సమావేశాలు సాయంత్రం ఆరింటికి పెట్టేవారు. ఆ వేళకు మాలో చాలామందిమి బస్టాపులో ఉంటాం. అందుకే 2024 ఆగస్టులో కొత్త కమిటీ ఏర్పడినప్పుడు మేము అడిగిన మొదటి మార్పు సమావేశం వేళ. రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి మార్చారు. ఆ ఒక్క మార్పుతో ఏడుగురి కమిటీలో ఐదుగురం ఆడవాళ్ళం వచ్చి కూర్చోగలిగాం. హక్కుల గురించి మాట్లాడే ఏ సంస్థ అయినా ముందు తన గోడ గడియారం వైపు చూసుకోవాలి.

ఆ ఏడాది మా ముందున్న పని ఏమిటో మేము ఎంచుకోనక్కర్లేకపోయింది. 2024 జూలై 1న మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్. శిక్షాస్మృతి 1860 నాటిది. నూట అరవై ఏళ్ళకు పైగా జనం నోట నానిన నెంబర్లు ఒక్క రాత్రిలో మారిపోయాయి.

నెంబరే కదా అనుకోవచ్చు. కానీ 498-ఎ అన్నది మన ఊళ్ళలో నెంబరు కాదు, మాట. చదువురాని అమ్మ కూడా "ఫోర్ నైంటీయెయిట్ పెడతా" అని అల్లుణ్ణి బెదిరించగలిగింది. 1983లో, స్త్రీలు వీధుల్లోకి వచ్చి అడిగిన కాలంలో, ఆ సెక్షన్ వచ్చింది. దాన్ని జనం నోటికి ఎక్కించింది మీలాంటి కార్యకర్తలే. జూలై తర్వాత లైబ్రరీకి వచ్చిన ఒక కార్యకర్త నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, ఆ సెక్షన్ తీసేశారంట కదా, ఇంక కేసు కట్టరంట కదా?" ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు ఎవరైనా కానీ, అది విని ఒక స్త్రీ ఇంటికి తిరిగి వెళ్ళిపోయిందని ఆమె చెప్పింది. సెక్షన్ తీసెయ్యలేదు. కొత్త చట్టంలో అది 85, 86 సెక్షన్లుగా ఉంది. 85 శిక్ష చెబుతుంది, 86 క్రూరత్వం అంటే ఏమిటో చెబుతుంది. ఈ ఒక్క వాక్యం చేతికి అందక ఒక మనిషి గుమ్మం దిగి వెనక్కి పోయింది.

కమిటీ మొదటి పని అక్కడే మొదలైంది. స్త్రీలకు ఎక్కువగా అవసరమయ్యే సెక్షన్లకు తెలుగులో ఒక పట్టిక చేద్దామని తీర్మానించాం. రెండు గడుల పట్టికలు - పాత నెంబరు, కొత్త నెంబరు - బజారులో అప్పటికే ఉన్నాయి. మేము నాలుగు గడులు పెట్టాం: పాత సెక్షన్, కొత్త సెక్షన్, అది ఏం చెబుతుందో తెలుగులో రెండు మూడు వాక్యాలు, ఏ తేదీ నుంచి ఏది వర్తిస్తుంది. వరకట్న మరణం 304-బి ఇప్పుడు 80. అత్యాచారానికి శిక్ష 376 ఇప్పుడు 64తో మొదలవుతుంది. వెంటపడి వేధించడం 354-డి ఇప్పుడు 78. భార్యా పిల్లల మనోవర్తికి 125వ సెక్షన్ ఇప్పుడు సురక్షా సంహితలో 144. ఫిర్యాదు నమోదుకు 154 ఇప్పుడు 173. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని అందులోనే రాసి ఉంది, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలనీ ఉంది.

నాలుగో గడి గురించి కమిటీలో గట్టి వాదన జరిగింది. "తేదీలు లాయర్లు చూసుకుంటారు, మనకెందుకు?" అన్నారు కొందరు. కానీ తేదీయే ప్రాణం. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అప్పటికే నడుస్తున్న మనోవర్తి కేసు పాత 125 కిందే సాగుతుంది. ఆ తర్వాత వేసే కేసు 144 కింద. ఆ తేదీకి ముందూ తర్వాతా కూడా సాగిన వేధింపు అయితే ఏ సెక్షన్లు వేయాలన్నది లాయరు చూడాల్సిన మాట. ఇదంతా తెలియకపోతే పాత కేసులు కొట్టేశారనుకుని వాయిదాలకు పోవడం మానేసేవాళ్ళుంటారు. చివరికి నాలుగో గడి ఉంచాలనే తీర్మానం నెగ్గింది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం మాటల దగ్గర పట్టింది. పుస్తకాల్లో మనోవర్తి అంటారు, పత్రికలు భరణం అంటాయి, కోర్టు మెట్ల దగ్గర ఆడవాళ్ళు మెయింటెనెన్స్ అంటారు. మూడూ రాశాం. కాగ్నిజబుల్ అనే మాటకు నిఘంటువు చూపే తెలుగు పెడితే చదివినవాళ్ళకు ఏమీ తెలియదు. "వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం" అని రాశాం. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలే రాదని జనం అనుకుంటారు. నిందితుడు వారం తిరక్కుండా బయటికొస్తే కేసు అమ్ముడుపోయిందని ఫిర్యాదు చేసిన స్త్రీ కుంగిపోతుంది. "బెయిల్ హక్కుగా రాదు, ఇవ్వాలో వద్దో కోర్టు నిర్ణయిస్తుంది" అని రాశాం. క్రూరత్వం అనే మాట తీసి వేధింపు అని పెడదామని ఒక సభ్యురాలు అన్నది. కోర్టులో వినబడే మాట క్రూరత్వమే కనుక దాన్ని ఉంచి, కొట్టడమే కాదు, మనసుకు తగిలే తీవ్రమైన హాని, ఆస్తి కోసం పీడించడం కూడా అందులోకి వస్తాయని కింద వివరించాం.

చట్టాన్ని మనం తెలుగు చేయవచ్చా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. మాకూ చర్చకు వచ్చింది. కాపీరైటు చట్టం, 1957లో 52వ సెక్షన్ దీనికి దారి ఇస్తుంది. ప్రభుత్వం ఆ భాషలో అనువాదం తేకపోయినా, తెచ్చి అమ్మకానికి పెట్టకపోయినా, ఎవరైనా చట్టాన్ని భారతీయ భాషలోకి అనువదించి ప్రచురించవచ్చు. ఒక్కటే షరతు: ఇది ప్రభుత్వం ప్రామాణికంగా ఆమోదించిన అనువాదం కాదని కనబడేచోట రాయాలి. తీర్పుల మూలపాఠాన్ని కూడా ఎవరైనా అచ్చు వేయవచ్చు, కోర్టు నిషేధిస్తే తప్ప. ప్రైవేటు ప్రచురణ సంస్థ రాయించుకున్న సారాంశాన్ని మాత్రం ఎత్తి రాయకూడదు. మీ కరపత్రాలకు ఇది పనికొస్తుందని చెబుతున్నాను.

రెండో పని బీరువాలు చూడడం. మా సభ్యుల లైబ్రరీల్లో స్త్రీలకు సంబంధించిన పుస్తకాలు ఏ సంవత్సరానివో జాబితా తీశాం. ఎందుకంటే పాత పుస్తకం ఉత్తగా కూర్చోదు, తప్పు చెబుతుంది. కూతురి వాటానే తీసుకోండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచే వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను వదిలేసింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ పెళ్ళయినవాళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. 2015లో సుప్రీంకోర్టు, ఆ 2005 తేదీకి తండ్రి బతికి ఉండాలి అన్నది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం అలా ఉండనక్కర్లేదని తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పూర్తయిన పంపకాలను మాత్రం కదపకూడదు.

ఇప్పుడు చూడండి. 1990 నాటి పుస్తకం తెరిస్తే పెళ్ళయిన కూతురికి లేదు. 2006 నాటిది తెరిస్తే ఉంది. 2016 నాటిది తెరిస్తే తండ్రి ముందే పోయిన కూతురికి లేదు. 2021 నాటిది తెరిస్తే ఉంది. నాలుగూ ఒకే బీరువాలో, ఒకే రంగు అట్టతో, పక్కపక్కనే ఉంటాయి. ఏది చేతికి వస్తే అది ఆమె అదృష్టం కావడానికి వీల్లేదు. పాత పుస్తకాలు పారెయ్యలేం, పాత కేసులకు అవి కావాలి. అందుకని సంబంధిత పేజీలో చీటీ అంటించాం: "ఈ అభిప్రాయం ఇప్పుడు చెల్లదు, 2020 తీర్పు చూడండి" అని, చీటీ పెట్టిన తేదీతో. మంచి తీర్పులకూ ఇదే పద్ధతి. దాంపత్య హక్కుల పునరుద్ధరణ స్త్రీ శరీరం మీద దాడి అని 1983లో మన హైకోర్టు సరిత కేసులో చెప్పింది. ఆ మాటలు మనకు ఇష్టమే. కానీ 1984లో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. ఇష్టమైన తీర్పు మీద కూడా చీటీ పెట్టాలి. లేకపోతే కోర్టులో మన మనిషే నవ్వులపాలవుతుంది.

మూడో పని తలుపు. ఇందులో సగమే గెలిచాం. బార్ లైబ్రరీలు లాయర్ల చందాలతో నడుస్తాయి, కాలేజీ లైబ్రరీలు విద్యార్థులవి. మరి కేసు ఎవరిదో ఆమె ఎక్కడ చదవాలి? వారంలో ఒక పూట మహిళా సంఘాల కార్యకర్తలకు, పారాలీగల్ వలంటీర్లకు తలుపు తెరవాలని కమిటీ కోరింది. రెండు కాలేజీ లైబ్రరీలు శనివారం మధ్యాహ్నం ఒప్పుకున్నాయి. ఒక బార్ లైబ్రరీ ఒప్పుకోలేదు. "కక్షిదారులు వచ్చి కూర్చుంటే ఇది లైబ్రరీ కాదు, సంత అవుతుంది" అన్నారు. మూడుసార్లు ఉత్తరం రాశాం, మూడోదానికి జవాబే రాలేదు. నాలుగోది రాయమని వచ్చే కమిటీకి మినిట్స్‌లో రాసిపెట్టాం.

అందుకే ప్రజా గ్రంథాలయాల వైపు కూడా చూడాలంటున్నాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. అది అందరి డబ్బు. ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాల పక్కన గృహహింస చట్టం, 2005, పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం, 2013, తెలుగులో ఒక్కో ప్రతి ఉండాలని అడిగే హక్కు మనకుంది. అడగండి. అడిగినట్టు రసీదు తీసుకోండి.

ఒక జాగ్రత్త. లైబ్రేరియన్ సలహా ఇవ్వదు, పేజీ ఇస్తుంది. "నాకు విడాకులు వస్తాయా?" అన్న ప్రశ్నకు మేము జవాబు చెప్పకూడదు. అలాంటి వాళ్ళను న్యాయసేవల సంస్థకు పంపుతాం. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987, 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఈ సంగతి కూడా పట్టిక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేశాం.

ఇప్పుడు ఫోనులోనే చట్టాలు దొరుకుతున్నాయి కదా అంటారు. నిజమే. ఇండియా కోడ్‌లో కేంద్ర చట్టాలున్నాయి. సుప్రీంకోర్టు 2023 జనవరి నుంచి తన తీర్పులను ఉచితంగా ఇస్తోంది, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. కానీ ఫోనులో చెలామణి అయ్యే కాగితానికి తేదీ ఉండదు, ఎవరు రాశారో ఉండదు. కొత్త చట్టాలొచ్చాక అలాంటి కాగితాలు ఎన్నో మా దగ్గరికి వచ్చాయి. వెతకడం సులువైన కొద్దీ సరిచూసేవాళ్ళ అవసరం పెరిగింది.

మిమ్మల్ని కోరేది మూడు విషయాలు. మీరు పంచే ప్రతి కాగితం మీద ఏ తేదీ నాటికి సరైనదో రాయండి. మా పట్టికలో ఏ మాట అర్థం కాలేదో మీ గ్రామాల స్త్రీలను అడిగి మాకు రాయండి. మాటలు మార్చడానికి మాకు భేషజం లేదు. శనివారాలు ఆ రెండు లైబ్రరీలకు రండి. ఎవరూ రాకపోతే, అవసరం లేదని చెప్పి ఆ తలుపు మూసేస్తారు. తెరిచిన తలుపు నిలబడాలంటే దాన్లోంచి మనుషులు నడవాలి.

వచ్చే ఏడాది కమిటీలో ఎవరుంటారో తెలియదు. చట్టం మళ్ళీ మారుతుంది, అది మాత్రం ఖాయం. ఆ రోజు చీటీ రాసి అంటించే మనిషి ఒకరు, ఆ పేజీని గుమ్మం దాకా మోసే మనిషి ఒకరు కావాలి. మొదటిది మేము చేస్తాం. రెండోది మీరు.