చదవడమే కదా అనుకోకండి



ఇవాళ పట్టభద్రులైన మీకు, ఇలాంటి స్నాతకోత్సవ వేదికల మీద కలలు కనమని, శిఖరాలెక్కమని చెప్పడం ఆనవాయితీ. అవి మీరు ఇంటర్ నుంచీ వింటూనే ఉన్నారు కాబట్టి నేనొక పని మాట చెబుతాను. మీలో చాలామంది త్వరలోనే ఏదో ఒక కంపెనీలో ఏఐ ఏజెంట్ కోసం ఒక టూల్ రాస్తారు. క్లౌడ్‌లో ఉన్న ఫైళ్లు చదివి దాని ముందు పెట్టే టూల్. ఇలాంటి పని కొత్తగా చేరినవాళ్లకే వస్తుంది. ‘చదవడమే కదా, రాయడం లేదు, చెరపడం లేదు, నష్టమేముంది?’ అని మీ పైవాళ్లు అంటారు. ఆ మాట మాత్రం నమ్మకండి.

ఏజెంట్ వెనకున్న భాషా మోడల్ తనంతట తాను ఏ ఫైలూ తెరవదు. ఫలానా టూల్‌ని ఫలానా ఫైల్ పేరుతో పిలవమని అడుగుతుంది, అంతే. వెతికేది, తెచ్చేది, ముక్కలు చేసి అందించేది మీ కోడ్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వల్ల ఈ పిలుపుకు ఒక ఉమ్మడి పద్ధతి వచ్చింది గాని, మీ కోడ్ నిజం చెప్పే పూచీ దానిది కాదు. క్లౌడ్‌లో ఫైళ్లు దాచే అమెజాన్ ఎస్3నే చూడండి. జాబితా అడిగితే ఒక్కసారికి 1000 పేర్లకు మించి ఇవ్వదు. మిగతావి కావాలంటే మళ్లీ అడగాలి. ఆ రెండోసారి అడగడం మీరు రాయకపోతే, 1001వ ఫైల్ గురించి ఏజెంట్ ‘అలాంటి ఫైలే లేదు’ అని ధీమాగా చెప్పేస్తుంది. జాబితా చూసే హక్కు లేని చోట, లేని ఫైల్ అడిగినా ఎస్3 ఇచ్చే జవాబు ‘దొరకలేదు’ అనే 404 కాదు, ‘అనుమతి లేదు’ అనే 403. అంటే ఫైలే లేదో, ఉండీ మీకు చూపించడం లేదో తేలదు. తేలలేదన్న సంగతే టూల్ విడమరిచి చెప్పాలి.

ఇక మన భాష ఫైళ్ల దగ్గరికి రండి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘కృ’ రాస్తే క ఒకటి, వట్రసుడి ఒకటి, వెరసి 6. పెద్ద ఫైల్‌ని బైట్ల లెక్కన కోస్తే కత్తి అక్షరం నడుమ పడొచ్చు. ఒట్టి ఇంగ్లిష్ ఫైళ్లతో పరీక్షించినవాడికి ఈ తప్పు కనబడదు. ఇంతకంటే పెద్ద తంటా పాత డీటీపీ ఫైళ్లతో. ఏళ్ల తరబడి మన ప్రెస్సుల్లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, సావనీర్లు ఎన్నో పీడీఎఫ్‌లుగా మిగిలాయి. తెర మీద ముచ్చటైన తెలుగే. టెక్స్ట్ తీసి చూడండి, ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలిసిన కలగూరగంప వస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. టూల్ దాన్నే ‘చదివేశాను’ అని అందిస్తే, మోడల్ ఫైల్ పేరు చూసి లోపలి సంగతి ఊహించి రాసేయగలదు, అదీ చక్కటి వ్యావహారికంలో. ‘ఇది చదవలేకపోయాను, ఓసీఆర్ చేయాలి’ అని ఒప్పుకునే టూలే నా దృష్టిలో మంచి టూల్. వేగం తరవాతి సంగతి.

పర్మిషన్ల గురించి ఎక్కువ చెప్పను. పనికి సరిపడా అధికారమే ఇవ్వాలని కంప్యూటర్ భద్రత పరిశోధకులు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి 10 కోట్ల మందికి పైగా జనం వివరాలు బయటికి పోయాయి. ఒక సర్వర్‌కి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఫైళ్లు చదివే హక్కు ఉండటం అందుకు ఒక కారణం. చదివే హక్కే.

ఏజెంట్లతో కొత్తగా వచ్చిన చిక్కు వేరు. వెనకటికి పల్లెల్లో చదువు రానివాళ్లకు పోస్ట్‌మేనే ఉత్తరం చదివి పెట్టేవాడు. అందులో ‘వంద రూపాయలు పంపించు’ అని ఉంటే చదివి వినిపించేవాడే తప్ప, ఆ ముసలమ్మ కొంగుముడి విప్పి డబ్బు తీసేవాడు కాదు. మోడల్‌కి ఆ తేడా గట్టిగా తెలియదు. మీరు చెప్పిన మాటా, ఫైల్లో ఉన్న మాటా దానికి ఒకే వరసలో వచ్చే అక్షరాలు. చదివే దాన్లో ఆజ్ఞ దాచి మోడల్‌ని ఇలా తప్పుదారి పట్టించడానికి 2022లోనే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టారు. 2025లో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌లో ఎకోలీక్ అనే లోపాన్ని పరిశోధకులు బయటపెట్టారు. ఆజ్ఞ దాచిన ఒక్క ఈమెయిల్‌తో, అందుకున్నవాళ్లు దేన్నీ నొక్కకుండానే, సంస్థ లోపలి సమాచారం బయటికి లాగవచ్చని చూపించారు. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిదిద్దింది. కానీ ఈ జబ్బుకు పూర్తి మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్ల ఫైళ్లు చదివే ఏజెంట్ చేతికే మెయిల్ పంపే టూల్ కూడా ఇవ్వడం నాకు దుస్సాహసంగా కనిపిస్తుంది. ఇవ్వక తప్పకపోతే, పంపే ముందు మనిషి ఒకసారి చూసి సరే అనాలి.

ఉద్యోగంలో చేరాక మీ పరీక్ష ఫోల్డర్లో రెండు ఫైళ్లు తప్పకుండా పెట్టుకోండి. అను ఫాంట్ల పీడీఎఫ్ ఒకటి, లోపల దొంగ ఆజ్ఞ దాచినది ఒకటి. ఆ రెండింటి దగ్గర మీ టూల్ బోల్తా పడుతుంటే దాన్ని కస్టమర్ల ఫైళ్ల మీదికి వదలొద్దని మీటింగులో చెప్పండి. కొత్తగా చేరినవాళ్లమని మొహమాటపడకండి.