మసూరి ఎవరింటి బిడ్డ?



బియ్యం బస్తా కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? పాతవా కొత్తవా, నూక ఎంత, అన్నం పొడిపొడిగా వస్తుందా, ధర ఎంత – ఇవే కదా! ఆ విత్తనం ఎక్కడ పుట్టిందని మాత్రం అడగం. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం. వరదలొచ్చిన ఏడు కూడా మన గిన్నెలో అన్నం ఉండాలంటే ఆ పుట్టుక తెలిసి ఉండటం మంచిది.

మసూరి అంటే మన పేరులాగే వినిపిస్తుంది. నిజానికది మలేషియా పేరు, మహ్సూరి. అక్కడి లంకావి దీవిలో అపనిందకు బలైపోయిన ఒక ఇల్లాలి కథ చెప్పుకుంటారు, ఆవిడ పేరూ అదే. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పూనుకొని, ఒరిస్సాలోని కటక్ వరి పరిశోధన కేంద్రంలో పలు దేశాల వరి రకాలను సంకరం చేయించింది. తైవాను రకానికీ, మలయా రకానికీ అక్కడ పెళ్లయింది. ఆ సంతానాన్ని మలేషియా వారు పెంచి, మంచివి ఏరి, 1965లో మహ్సూరి అని పేరుపెట్టి రైతులకిచ్చారు. తరువాత అది పుట్టింటికొచ్చిన ఆడపడుచులా మన దేశానికి తిరిగొచ్చింది.

వచ్చి ఊరుకుందా? పశ్చిమ గోదావరి మార్టేరులో మన శాస్త్రజ్ఞులు దాన్ని వశిష్ఠ రకంతో కలిపితే స్వర్ణ పుట్టింది. 1982లో విడుదలైంది. బాపట్లలో 1986లో సాంబ మసూరి వచ్చింది. మన ఇళ్లల్లో పెళ్లికీ, పేరంటానికీ వండే సన్నబియ్యం అదే.

స్వర్ణ దిగుబడి బాగా ఇచ్చేదే గాని, నీట మునిగితే తట్టుకోలేదు. మా ఎలమంచిలి వైపు శారదా, వరాహ నదులు పొంగితే పల్లపు మడుల గతేమిటో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మునిగిన వరి పైకి తేలాలని ఆత్రంగా ఆకులు సాగదీసి, ఉన్న బలమంతా ఖర్చుచేసుకుని చచ్చిపోతుంది. ఒడిషా రైతుల పాత వరి నుంచి తీసిన ఎఫ్.ఆర్.13ఏ అనే రకం మాత్రం అలా చేయదు. ఊపిరి బిగబట్టి నీళ్లలో కదలకుండా ఉండి, వరద తీశాక మళ్లీ చిగురిస్తుంది. దిగుబడి తక్కువని ఎవరూ వేయని ఆ రకాన్ని విత్తనాల నిధుల్లో భద్రపరిచారు. ఆ గుణానికి మూలమైన జన్యువును అమెరికాలో పామెలా రోనాల్డ్, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో డేవిడ్ మాకిల్, వారి బృందాలవారు 2006లో పట్టుకున్నారు. స్వర్ణ సుగుణాలు చెడకుండా ఆ ఒక్కటీ చేర్చారు. 2009లో మన దేశంలో స్వర్ణ సబ్-1 విడుదలైంది. ఇది రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది. అలాగని సర్వరోగ నివారిణి అనుకోకండి. 2014లో వచ్చిన హుద్‌హుద్ లాంటి గాలికి కోతకొచ్చే చేను పడిపోతే ఇదీ ఏం చేయలేదు.

ఒడిషా రైతు, మలేషియా పేరు, మార్టేరు స్వర్ణ, ఫిలిప్పీన్సు ప్రయోగశాల – ఇందులో ఏ ఒక్కరు “మా విత్తనం మాకే” అని తలుపేసుకున్నా ఈ గింజ పుట్టేది కాదు. మనకు ఇదేం కొత్త? మన ఇంట తోడు పాడైతే పక్కింటికి గిన్నె పట్టుకెళతాం. నిన్న ఆవిడ మన దగ్గర పట్టుకెళ్లిన తోడే అది! కంబోడియాలో సరిగ్గా ఇలాగే జరిగింది. 1970ల్లో అంతర్యుద్ధంలో, తరువాతి నిరంకుశ పాలనలో రైతుల విత్తనాలు చాలావరకు నాశనమైపోయాయి. అంతకుముందే సేకరించి ఫిలిప్పీన్సు సంస్థలో దాచినవి వందల రకాలు ఉండబట్టి, 1980ల్లో వారి వరి వారికి తిరిగి దక్కింది.

ఇలాంటి సంస్థలు ప్రభుత్వాలు, దాతలు ఇచ్చే డబ్బుతో నడుస్తాయి. కరువు లేని ఏడు “ఈ ఖర్చెందుకు?” అనిపిస్తుంది. అయితే ఇంట్లో చింతపండు, ఉప్పు, బియ్యం ముందుచూపుతో దాచుకునే మనకు దాని విలువ ఒకరు చెప్పాలా?

చివరిగా ఒక్క మాట. మనలో చాలామందికి ఊళ్లో ఎకరమో, అరెకరమో కౌలుకిచ్చిన మడి ఉంటుంది. ఈసారి కౌలు ఇవ్వడానికి రైతు వచ్చినప్పుడు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, “మన మడి మునిగేదా? ఏ విత్తనం వేస్తున్నావు?” అని అడగండి. మునిగేదంటే, ముంపు తట్టుకునే రకాల సంగతి వ్యవసాయశాఖ వారిని అడగమనండి. పొలం సంగతి మగవాళ్లకే తెలుసనుకోకండి. అన్నం వండేది మనం, అది ఎలా వస్తోందో తెలుసుకోవలసిందీ మనమే.