కోత లేని వాల్వు ఎవరికి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గుండె డాక్టరుకు మైకు ఇస్తే గుండె గురించే మాట్లాడతాడు, భరించక తప్పదు. మొఘల్‌పురా, శాలిబండ నుంచి వచ్చే మనవాళ్లు ఈమధ్య నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కోత లేకుండా వాల్వు మారుస్తున్నారట కదా సార్, మా అమ్మాయికి మాత్రం ఆపరేషన్ అంటున్నారేంటి?" డబ్బు కోసమేమో అన్న అనుమానం కూడా ఆ ప్రశ్నలో ఉంటుంది. అందుకే వివరంగా చెబుతాను.

వాల్వంటే రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపు. ఆపరేషన్‌లో ఛాతీ ఎముక కోసి, గుండెను కాసేపు ఆపి, ఆ పని యంత్రానికి అప్పగించి, చెడిన వాల్వు తీసేసి కొత్తది కుడతారు. 1960 నుంచి ఉన్న పద్ధతి ఇది. కాథెటర్ పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే మొదలుపెట్టారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి, మడిచిన వాల్వును సన్నటి గొట్టం మీద గుండె దాకా తీసుకెళ్లి అక్కడ విప్పుతారు. పాత వాల్వును తీయరు. దాన్ని పక్కకు ఒత్తి, అందులోనే కొత్తది కూర్చోబెడతారు.

అసలు కిటుకు అక్కడే ఉంది. కుట్లు లేని వాల్వు జారిపోకుండా దేన్ని పట్టుకుంటుంది? ముసలితనంలో అయోర్టిక్ వాల్వుకు పేరుకునే కాల్షియం గట్టినే. అందుకే ఇది పెద్దవాళ్లకు వరమైంది. ఆపరేషన్‌కు తట్టుకోలేరనుకున్నవాళ్ల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు వైద్యంతో ఏడాదిలో సగం మంది చనిపోతే, ఈ వాల్వు పెట్టినవాళ్లలో 31 శాతం. నిజంగా పెద్ద తేడా! అయితే కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది, వాల్వు పక్కనుంచి కాస్త లీకవ్వచ్చు, ఖర్చు లక్షల్లో ఉంటుంది. 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు 65 లోపు వాళ్లకు ఆపరేషన్, 80 దాటితే కాథెటర్, మధ్యలో వాళ్లకు మాట్లాడుకుని నిర్ణయించడం అంటాయి.

మరి పాతబస్తీ అమ్మాయి సంగతి? ఆమెది రుమాటిక్ జబ్బు. చిన్నప్పటి గొంతు నొప్పి తర్వాత వచ్చిన జ్వరం, ఎక్కువగా మైట్రల్ వాల్వును దెబ్బతీస్తుంది. వాల్వు మూసుకుపోయి, రేకులు ఇంకా మెత్తగా ఉండి, లీకు లేకపోతే బెలూన్‌తో తెరవచ్చు. అది కూడా కోత లేనిదే, మార్పిడి కూడా అక్కర్లేదు. రేకులు బాగా పాడైతే ఆపరేషనే. అక్కడ కాథెటర్ వాల్వు పట్టుకోవడానికి ఆ గట్టి అంచు సాధారణంగా ఉండదు.

అప్పుడు ఇంకో చిక్కు. లోహపు వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ రూపొందించినది 1990 నుంచి మన దేశంలో వాడుతున్నారు. కానీ జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు, నెలనెలా ఐ.ఎన్.ఆర్. పరీక్ష తప్పవు. గర్భం వస్తే ఆ మాత్ర బిడ్డకు చెరుపు, ఆపితే వాల్వు మీద గడ్డకట్టి తల్లికి ప్రమాదం. జంతు కణజాలపు వాల్వుకైతే ఆ మాత్ర ఎల్లకాలం అక్కర్లేదు గానీ, చిన్న వయసులో త్వరగా అరుగుతుంది. అరిగాక కొందరికి దాని లోపలే కాథెటర్‌తో ఇంకోటి పెట్టొచ్చు. కాబట్టి పిల్లలు కావాలనుకుంటున్నారా అని ముందే అడగాలి. ఆ మాట అమ్మాయినే అడగాలి, అత్తగారిని కాదు.

టీచర్లకు ఒక విన్నపం. గొంతు నొప్పి తర్వాత కొన్ని వారాలకు జ్వరం, ఒక కీలు తగ్గి ఇంకో కీలు వాస్తే ఆ పిల్లను డాక్టరుకు చూపించమని ఇంటికి కబురు పెట్టండి. రుమాటిక్ అని తేలినవాళ్లు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించుకోవాలి. ఆ పూట రాలేదని గైర్హాజరు వేయకండి, పరీక్షల రోజైనా సరే పంపించండి.