ఎల్లిగడ్డ నాటాలంటే నేల మీద నమ్మకం కావాలి

(కౌలు మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కౌలు హక్కుల మీద మాట్లాడమన్నారు. నేను ఎల్లిగడ్డతో మొదలుపెడతాను. నవ్వకండి. అసలు విషయం అందులోనే ఉంది.

పోయిన చలికాలం మా అమ్మాయి కాన్పుకని ఇంగ్లండు వెళ్ళి అయిదు నెలలు ఉండి వచ్చాను. అక్కడ దానికో కూరగాయల మడి ఉంది. సొంతం కాదు. ఊరి కౌన్సిల్‌కి ఏటా అద్దె కట్టి తీసుకున్నది. వాళ్ళు దాన్ని అలాట్‌మెంట్ అంటారు. పాతకాలపు కొలత ప్రకారం ఒక నిండు మడి 250 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో రెండున్నర గుంటలు. అలాంటి మళ్ళు వరసగా ఉంటాయి. పనిముట్లు పెట్టుకోవడానికి తలా ఒక చెక్క గుడిసె.

పచ్చి బాలింత, చంటిబిడ్డ. మడిలోకి ఎవరు దిగుతారు? నేనే దిగాను. నవంబరు నెల. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఈ చలిలో ఏం మొలుస్తుందని నేననుకుంటుంటే, పక్క మడి ముసలావిడ నేర్పింది. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచేది, నేను అక్కా అనేదాన్ని. ఇద్దరికీ సగం సగం అర్థమయ్యేది.

ఎల్లిగడ్డను రెబ్బలుగా విడదీసి, మొన పైకి ఉండేట్టు, అంగుళం లోతున, ఆరంగుళాల ఎడంతో నాటాం. దానికి చలి తగలాలి. తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడదు, ఉల్లిగడ్డలాగా ఒకటే ముద్దగా ఉండిపోతుంది. ఇంకో సాలులో పెద్ద చిక్కుడు గింజలు రెండంగుళాల లోతున పెట్టాం. తడినేలను తొక్కితే గట్టిపడుతుందని చెక్క పలక పరిచి, దానిమీద నిలబడి పని చేశాం. పావురాలు చిదమకుండా వల కప్పాం. ఖాళీ మడిమీద పశువుల ఎరువు పరిచాం. ఎండాకాలం నాటుకున్న కేల్ ఆకుకూర మాత్రం మంచు పడ్డాక కూడా కోసుకున్నాం. మంచు తగిలితే ఆ ఆకు ఇంకా తియ్యనవుతుంది.

ఆ ఎల్లిగడ్డ చేతికొచ్చేది జూలైలో. నాటాక ఎనిమిది నెలలు. అప్పుడే నాకు మన సంఘం మడి గుర్తొచ్చింది.

మీలో కొందరికి తెలుసు. ఏడుగురం కలిసి ఇరవై గుంటలు నోటిమాట కౌలుకు తీసుకున్నాం. రాళ్ళు ఏరాం. చెరువుమట్టి తోలాం. పెంట మోసి పోశాం. రెండేళ్ళకి నేల నల్లబడింది. మూడో ఏడు డిసెంబరులో, టమాట పూత మీద ఉండగా, ఎల్లిగడ్డ జానెడు లేచి ఉండగా, మాకే కావాలి ఖాళీ చేయమన్నారు. కాగితం లేదు, సాక్ష్యం లేదు. పైరుకు ఒక్క పైసా రాలేదు. మనం పోసిన పెంట వాళ్ళ భూమిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత మనవాళ్ళు కౌలు చేలల్లో నెలకే కోతకొచ్చే తోటకూర, మెంతికూర తప్ప ఇంకేమీ వేయడం మానేశారు. తెలివి లేక కాదు, నమ్మకం లేక.

ముసలావిడను అడిగాను: "నడిమధ్యలో ఖాళీ చేయమంటే ఏం చేస్తావక్కా?" ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక, చట్టం ఒప్పుకోదంది. ఇంటికెళ్ళి మా అమ్మాయి చేత చదివించుకున్నాను.

ఇంగ్లండు, వేల్స్‌లలో 1908 నాటి చట్టం ఒకటుంది. ఊళ్ళో ఓటున్నవాళ్ళో పన్ను కట్టేవాళ్ళో ఆరుగురు సంతకాలు పెట్టి మళ్ళు కావాలని రాసిస్తే కౌన్సిల్ దాన్ని పరిశీలించి తీరాలి. అవసరం ఉందని తేలితే నేల చూపించాలి. 1908లో అక్కడి ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటే లేదు. మగవాళ్ళతో సమానంగా వచ్చింది 1928లో. 1922 చట్టం, 1950 సవరణ కలిపి చూస్తే, మామూలుగా ఖాళీ చేయించాలంటే పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. అదీ ఏప్రిల్ 6కీ సెప్టెంబరు 29కీ మధ్య, అంటే పంట కాలంలో, ముగియకూడదు. అద్దె ఎగ్గొడితే వేరే సంగతి. ఇల్లు కట్టడానికో మరో పనికో నేల వెనక్కి తీసుకుంటే నిలబడ్డ పైరుకే కాదు, వేసిన ఎరువుకు కూడా పరిహారం లెక్క కట్టాలి. ఎరువుకు! ఆ మాట విన్నప్పుడు మన పెంట తట్టలన్నీ నా నెత్తిమీదికొచ్చినట్టయింది.

అదేదో స్వర్గమని చెప్పడం లేదు. లండన్ నడిమి ప్రాంతాలకు 1908 బాధ్యత వర్తించదు. చాలాచోట్ల మడి కోసం ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. అది ఇంటి కూరకే తప్ప బతుకుతెరువుకు కాదు. మన కౌలు బతుకుతెరువు. కాబట్టి వాళ్ళ చట్టం మనకు అట్లాగే అతకదు. కానీ అందులో ఉన్న న్యాయం మాత్రం మనకు కావాలి. నేల ఎవరిదైనా, అందులో పోసిన చాకిరీ చేసినవాళ్ళదే.

ఇక్కడేం జరిగింది? 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదార్లకే అందింది, కౌలుదార్లకు కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తామంది, యజమాని సంతకం కావాలంది. మనకు ఏ యజమాని సంతకం పెడతాడు? పైగా ఆడమనిషి పేరు మీద?

అందుకని నా ప్రతిపాదన ఇది. ప్రతి సంఘం నుంచీ కనీసం ఆరుగురు సంతకాలు, వేలిముద్రలు పెట్టి గ్రామపంచాయతీకి దరఖాస్తు ఇద్దాం. మూడే కోరికలు. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభ సాక్ష్యంతో సాగుచేసే స్త్రీ పేరు రాయాలి. పైరు నేలమీద ఉండగా ఖాళీ చేయించకూడదు. తప్పనిసరై తీసుకుంటే పైరుకూ ఎరువుకూ లెక్క కట్టివ్వాలి. పంచాయతీకి ఆ అధికారం లేదంటే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మందాం. దాన్ని పట్టుకుని కలెక్టరు దగ్గరికి పోదాం. సొంత భూమి కోసం మన కొట్లాట ఎట్లాగూ ఆగదు.

జూలైలో మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు నాటిన ఎల్లిగడ్డ తవ్వాం, బాగా ఊరింది" అంది. పరాయి దేశంలో, పరాయి నేలలో నేను నాటింది నా బిడ్డ తవ్వుకుంది. సొంత ఊళ్ళో మనం నాటింది మనం తవ్వుకోలేకపోయాం.

ఈ కార్తీకంలో మళ్ళీ ఎల్లిగడ్డ నాటే రోజులొస్తాయి. దరఖాస్తు ఆలోపే ఇద్దాం.