పడవయింటిలో టెలివిజన్ గూడు

గోదావరి కాలువల వెంట పెరిగినవారికి లాకు అనగా నేమో వేరుగ చెప్ప నక్కరలేదు. ఇంగ్లండు నడిమి మండలములలో ఈ లాకుల కథ మనకంటె పాతది. జేమ్స్ బ్రిండ్లీ యను ఇంజనీరు 1766లో ట్రెంట్, మెర్సీ నదులను కలుపు కాలువ పనిని ఆరంభించి, లాకుల వెడల్పును రమారమి 7 అడుగులకు కుదించెను. నీటికిని, వ్యయమునకును పొదుపైన కొలత యది. ఆ యొక్క కొలతయే రెండువందల యేబది యేండ్లుగా అక్కడి పడవల నడుమును బిగించి పట్టుకొని యున్నది. నేటికిని ‘నారో బోటు’ అను ఆ సన్నపడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళములు మాత్రమే. పొడవు 70 అడుగుల దాక ఉండవచ్చును. నీటిపై తేలు పొడుగాటి వసారా యనుకొనిన సరిపోవును.

అట్టి పడవలలో నేడు వేలమంది కాపురముండుచున్నారు. ఆ యింటిలో పాత టెలివిజను తీసి క్రొత్తది పెట్టుట మన హాలులో పెట్టె మార్చినంత తేలిక కాదు. అలమారను విప్పి, మరల కట్టుకొనవలసిన పని. దానిని గూర్చియే నేడు ముచ్చటింతము.

ముందుగా ఆ పడవల వడ్రంగమును గురించి ఒకమాట. పందొమ్మిదవ శతాబ్దమున రైళ్ల పోటీకి తాళలేక పడవవాండ్రు ఒడ్డున అద్దె యిండ్లు వదలి, భార్యాబిడ్డలతో పడవలోనికే చేరిరి. సరకులకు పోగా వారికి మిగిలినది వెనుకభాగమున 10 అడుగులకు లోబడిన గది. ఇంత యిరుకున కుటుంబము లుండుట చూచి ప్రభుత్వము 1877లోను, 1884లోను చట్టములు చేసి తనిఖీలు పెట్టెను. కాని ఆ గదిలోని కొయ్యపని చూచినచో ఎవరికైనను మెచ్చికోలు కలుగక మానదు. అలమార తలుపు గడియ తీసి క్రిందికి వాల్చిన భోజనపు బల్ల యగును. పడక పగలు మడతపడి అరలోనికి పోవును. పొయ్యి ప్రక్కను ఒక గూడు, మెట్టు క్రింద ఒక పెట్టె. ఖాళీగానున్న తలుపుల మీద గులాబీలు, కోటలు రంగులలో వ్రాసెడివారు. 1962–63 చలికాలమున కాలువలు గడ్డకట్టిన పిదప సరకుల రవాణా దాదాపు ముగిసినది గాని ఆ పనితనపు సంప్రదాయము మాత్రము నిలిచినది. ఒక వస్తువు రెండు పనులు చేయకున్నచో దానికి పడవలో చోటు లేదు.

ఇట్టి యింటిలోనికి వచ్చిన పాత టెలివిజను ఒక్క పనియే చేసెడిది, అదియు మిక్కిలి చోటు తినుచు. దాని లోపల నుండునది గాలి తీసివేసిన పెద్ద గాజుబుడ్డి. బుడ్డి మెడనుండి బయలుదేరు ఎలెక్ట్రాను ధారను అయస్కాంతపు చుట్టలు అటునిటు త్రిప్పి తెరమీద బొమ్మ గీయును. ధార త్రిప్పుటకు దూరము కావలెను గనుక తెర యెంత పెద్దదో పెట్టె లోతు సుమారుగా అంతకు దగ్గరగ నుండును. 20 అంగుళముల సెట్టు 18 అంగుళముల లోతు, ఇరువది కిలోగ్రాముల బరువు. ఆరడుగుల యింటిలో అడుగున్నర దానికే పోయినదన్నమాట! దాని చుట్టు మూల అలమార కట్టి, వెనుక వేడి పోవుటకు రంధ్రములు పెట్టి యుంచెడివారు. బ్రిటనులో 2007లో ఆరంభమై 2012 అక్టోబరుతో పాత పద్ధతి ప్రసారములు నిలిచిపోయి డిజిటల్ పద్ధతి వచ్చెను. దానితో ఈ సెట్లకు కాలము చెల్లినది. వేరొక పెట్టె తగిలించి కొన్నాళ్లు నడిపినవారు లేకపోలేదు.

పాత సెట్టును తీయునప్పుడు దాని వెనుక మూతను విప్పరాదు. కరెంటు తీసివేసిన పిమ్మటను ఆ గాజుబుడ్డిలో విద్యుత్తు నిలువయుండి గట్టి దెబ్బ కొట్టగలదు. గాజులో సీసము కూడ కలదు. కనుక కాలువలో పారవేయక, అట్టి వస్తువులను సేకరించు చోటికి చేర్చవలెను.

క్రొత్త సెట్టు లోతు రెండు మూడంగుళములు. 22 అంగుళముల పలుచని సెట్టు వెడల్పు పాత గూటికి ఇంచుమించు సరిపోవును. ఎత్తు మాత్రము అరడుగు తగ్గును. విద్యుత్తులో లాభ మింకను ఎక్కువ. పడవలో కరెంటు 12 వోల్టుల బ్యాటరీలది. పాత సెట్టు 70 వాట్లు తీసికొనును. దానిని నడుపు ఇన్వర్టరు నష్టముతో కలిపి సుమారు 7 ఆంపియర్లు. నాలుగు గంటలు చూచిన 28 ఆంపియర్-గంటలు ఖర్చగును. 110 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడిన దాని ఆయుస్సు తగ్గును గనుక, ఒక సాయంకాలపు వినోదమే అందులో సగభాగము మ్రింగివేయునన్నమాట. క్రొత్త సెట్టు 24 వాట్లదైన ఆ నాలుగు గంటలకు 8 చాలును. అయితే ఇంజను నడచి బ్యాటరీ నిండుచున్నప్పుడు వోల్టేజి 14 దాటును. అందుచేత సెట్టును తిన్నగా తగిలింపక నడుమ నియంత్రకము నుంచవలెను. తీగకు ఫ్యూజు బ్యాటరీ దగ్గరనే ఉండవలెను.

ఇక మిగిలిన గూటిని ఏమి చేయవలెను? చోటున్నది గదాయని ఇంకను పెద్ద సెట్టు కొనువారు కలరు. అది తెలివితక్కువయని మా యభిప్రాయము. ఆరడుగుల గదిలో అంత తెర మీదబడును. వెనుకనున్న అడుగు లోతు ఆ యిల్లాలి కొక వరము. సెట్టును తలుపునకే బిగించి ప్రక్క బందులమీద తెరచుకొనునట్లు చేసిన, వెనుక దుప్పట్లకు అలమార అమరును. క్రింది అరడుగులో ఒక సొరుగు పట్టును. లాకులో గాని, మరియొక పడవ తగిలినప్పుడు గాని అది దానంతట తెరచుకొనకుండ, ఎత్తి లాగిననే కదలు సొరుగు కావలెను. అరలకు అంగుళమెత్తు అంచుకట్టె తప్పదు.

వడ్రంగికి పడవ పెట్టు చిక్కు వేరు. నేలమీద తూనికగుండును, నీటిమట్టమును నమ్మి పనిచేయువాడు ఇక్కడ రెంటిని ప్రక్కన పెట్టవలెను. మనుష్యుడొకడు అటునుండి ఇటు నడచిన మట్టము మారిపోవును! నేలపలకను ఆధారముగా పెట్టుకొని మూలమట్టముతో కొలుచుకొనుటయే దారి. గోడలు నిలువుగా నుండవు, పైకి పోను పోను లోపలికి వాలును. కనుక ముందు అట్టముక్కను గోడకానించి, కంపాసుతో ఆ వాలును దానిమీద గీసి, అట్ట సరిగా కూర్చున్న తరువాతనే ప్లైవుడ్డును కోయవలెను. ప్లైవుడ్డు నీటికి ఊడని జిగురుతో చేసినది కావలెను. మన దేశమున ఐ.ఎస్. 710 గుర్తు గలది అట్టిది. మరమేకులు ఇత్తడివో స్టెయిన్‌లెస్ ఉక్కువో కావలెను. ఇనుపవైన తుప్పు కారి కొయ్యకు నల్లచారలు పట్టును.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది గోడకు రంధ్రము వేయునప్పుడు. పైకి కనబడు నున్నని పలక వెనుక వరుసగా చెక్కపట్టీలు, చలి నాపు నురుగు, దాని వెనుక ఉక్కు రేకు ఉండును. ఆ సందులోనే కరెంటు తీగలు, వంటగ్యాసు రాగిగొట్టము పోవుట కలదు. పొడవు మేకొకటి గొట్టమునకు తగిలెనా, ఆ గ్యాసు గాలికంటె బరువైనది గనుక ఇంటిలోవలె కిటికీలోనుండి పోక పడవ అడుగున చేరి నిప్పుకై కాచుకొని యుండును. పలకను ఒకచోట విప్పి, లోపల చూచి, పట్టీ మీదనే, కొలిచిన పొట్టి మేకునే బిగించుట ఉత్తమము. పాత పడవలలో పాలిస్టరీను పలకలను ఆని యున్న తీగల పైతొడుగు కాలక్రమమున గట్టిపడి పెళుసుబారును. విప్పినప్పుడే వానిని మార్చిన మంచిది.

పాత అలమారకు వేడి పోవుటకు పెట్టిన రంధ్రములు అందముగా లేవని క్రొత్తదానిలో మూసివేయుదురు. అవి గది గాలిరంధ్రములతో కలిసినవో కాదో చూడక మూయరాదు. బొగ్గుపొయ్యి వెలుగు గదికి క్రిందను, పైనను గాలిదారి ఉండితీరవలెను. లేకున్న కార్బన్ మొనాక్సైడు వాసన లేకుండ నిద్రలోనే ప్రాణము తీయును. 2019 ఏప్రిల్ 1 నుండి అక్కడి నివాసపు పడవలలో ఈ విషవాయువును పసిగట్టు గంటను తప్పనిసరి చేసిరి. ఆ గంటను క్రొత్త అలమారలో దాచి, తలుపు వేసికొనిన ప్రయోజనము సున్న.

ఇరువది కిలోలు ఒక ప్రక్కనుండి తీసినప్పుడు సన్నపడవ రెండవ ప్రక్కకు కొంచెము ఒరుగును. నేల క్రింద బరువునకై పేర్చిన ఇటుకలను నాలుగింటిని జరిపిన సరిపోవును. బరువైన వస్తువులను సొరుగులో క్రిందను, దుప్పట్లను పైనను ఉంచుట మేలు.

చివరకు ఏరియలు సంగతి. పడవ నేడొక ఊరు, రేపొక ఊరు. ముఖము కూడ మారుచుండును. అందుచే ఏరియలును ఎప్పటికప్పుడు త్రిప్పుకొనవలెను. పెద్ద ప్రసారకేంద్రములకు దాని పుల్లలు అడ్డముగా, చిన్న ఉపకేంద్రములకు తరచుగా నిలువుగా పెట్టవలసి యుండును. రేడియోకు ఇంత గొడవ లేదు గాని ఉక్కుగోడల నడుమ దానికిని వినికిడి తక్కువ. క్రొత్త గూటిలో దానికొక అర కేటాయించువారు, కప్పుమీది యొక చిన్న తీగను అందాక లాగుకొనిరా, ఏ లాకు దగ్గర కట్టివేసినను వార్తలు స్పష్టముగా వినవచ్చును.