చీపురు మన చేతిలో ఉంది, రాత ఎవరి చేతిలో ఉంది?

(పారిశుధ్య కార్మికుల సంఘం సర్వసభ్య సమావేశంలో కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తెల్లారగట్ల లేచి వార్డులు ఊడ్చి, కాలవలు తీసి, ఆ బట్టలతోనే మీటింగుకు వచ్చారు. కాబట్టి మాట సాగదీయం. మన సంఘానికి ఒక పత్రిక పెట్టాలని కమిటీ అనుకుంటోంది. ఒక్కరు రాసి పదిమంది చదివేది కాదు, అందరం కలిసి రాసుకునేది. ఎందుకు పెట్టాలో, ఎట్లా నడపాలో చెప్తాం. ఆ తర్వాత మీరు మాట్లాడండి. మీరు వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం.

"చీపుర్లకే దిక్కులేదు, మనకు పత్రికేంది?" అని కొందరు అంటున్నారు. న్యాయమైన మాటే. చేతికి గ్లౌజుల్లేవు, కాలికి బూట్లు లేవు, జీతం ఏ తేదీన పడుతుందో తెలవదు. అయితే ఒక మాట అడుగుతాం. గ్లౌజులు ఇవ్వలేదని ఎక్కడ రాసి ఉంది? స్టోరు రిజిస్టరులో ఇచ్చినట్టే రాసి ఉంటది! మస్టరు రాసేది మేస్త్రీ. బిల్లు రాసేది కాంట్రాక్టరు. ఫైలు రాసేది ఆఫీసు. వార్త రాసేది విలేకరి. మన గురించి ఇంతమంది రాస్తున్నారు. రాయంది మనమొక్కళ్లమే. రాత వాళ్లదయినప్పుడు లెక్క కూడా వాళ్లదే అవుతుంది.

మన గురించి వార్తలు రావా అంటే, వస్తాయి. 2019 ఫిబ్రవరిలో కుంభమేళా దగ్గర ప్రధానమంత్రి అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన మీద పూలు చల్లారు, దండలు వేశారు. ఆ ఫోటోలూ వచ్చాయి. కాళ్లు కడిగితే వార్త. ఆ కాళ్లకు బూట్లు లేకపోతే వార్త కాదు. దండ వేస్తే వార్త. పీఎఫ్ డబ్బులు కట్టకపోతే వార్త కాదు. మనల్ని దేవుళ్లనీ, యోధులనీ రాసినవాళ్లు కూలోళ్లమని రాయలేదు. కూలోళ్లని రాస్తే కూలి సంగతి రాయాలి కదా!

ఇంకో సంగతి వినండి. 2021 జూలైలో రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వం ఒక జవాబు చెప్పింది. చేతులతో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోయినట్టు నమోదు కాలేదని చెప్పింది. మరి మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ఊపిరాడక చచ్చిపోయినవాళ్లు? వాళ్లది వేరే లెక్కంట. అది చేతులతో ఎత్తే పని కిందికి రాదంట, ప్రమాదకరమైన శుభ్రత పనంట. చూశారా, పదం మార్చితే శవం మాయమయింది! మాటకు అంత బలముంది. ఆ బలం ఇన్నాళ్లూ అవతలోళ్ల దగ్గరే ఉంది.

చట్టాలు లేక కాదు. 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చిన రోజు డిసెంబరు 6, బాబాసాహెబ్ కన్నుమూసిన రోజు. రక్షణ సామగ్రి ఇవ్వకుండా మనిషిని మురుగు కాలవలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించితే, దించినవాడికి మొదటిసారే రెండేళ్ల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది.

అయితే ఆ డబ్బు అడగటానికి పోయిన ఇల్లాలిని ఏమడుగుతారు? నీ మొగుడు ఏ రోజు దిగాడు? ఏ వీధిలో దిగాడు? దింపింది ఎవరు? చూసింది ఎవరు? మా మనిషే కాదు పొమ్మంటాడు కాంట్రాక్టరు. తాగి పడ్డాడంటారు ఇంకొకరు. ఆ పూట మన సంఘం తేదీ వేసి, వీధి పేరు రాసి, చూసిన ఇద్దరి పేర్లు రాసి అచ్చేసి ఉంటే, ఆ తల్లి చేతిలో ఒక కాగితం ఉంటది. అదొక్కటే ఆమె కేసును గెలిపించదు. కానీ ఉత్త చేతులతో పోవటం వేరు, కాగితంతో పోవటం వేరు.

రాసినందువల్ల ఏమయింది అంటారా? కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు బెజవాడ విల్సన్. ఆయన, ఆయన తోటివాళ్లు కలిసి ఊరూరా తిరిగి పాకీ దొడ్లను, వాటిని ఎత్తే మనుషులను లెక్క రాశారు, ఫోటోలు తీశారు. 2003లో సుప్రీంకోర్టుకు పోయారు. అట్లాంటి దొడ్లే లేవని చెప్పిన ప్రభుత్వాల ముందు ఆ లెక్కలు పెట్టారు. ఇప్పుడు మనం చెప్పిన 2014 తీర్పు ఆ కేసులోదే. నినాదం ఇచ్చిన గొంతు, లెక్క రాసిన చెయ్యి రెండూ ఒక్కటయితేనే అది వచ్చింది.

పత్రిక పెట్టటం మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పెట్టాడు. మూగవాళ్ల నాయకుడు అని దాని అర్థం. పత్రిక వస్తోందని డబ్బులిచ్చి ప్రకటన వేయమంటే, తిలక్ పెట్టిన కేసరి పత్రిక వేయనంది. మనకు కాలమ్‌లో జాగా లేదు, కొనుక్కుంటామన్నా జాగా లేదు! మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ 1931లో హైదరాబాదులో భాగ్యనగర్ అనే పక్షపత్రిక నడిపాడు. కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. 1985లో కారంచేడులో మనవాళ్లను చంపిన తర్వాత లేచిన ఉద్యమంలోంచి నలుపు వచ్చింది. దెబ్బ తగిలిన ప్రతిసారీ మనవాళ్లు కర్రతోపాటు కలం కూడా పట్టారు.

అయితే ఈ చరిత్రలో మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 1920 జూలైలో బాబాసాహెబ్ చదువుకోసం మళ్లీ లండన్ పోయాడు. మూక్‌నాయక్ తడబడింది, 1923కల్లా మూతపడింది. 1927లో బహిష్కృత భారత్ పెట్టాడు. అందులో చాలా భాగం ఆయన ఒక్కడే రాయాల్సి వచ్చింది. 1929లో అదీ ఆగింది. అంబేద్కర్ అంతటివాడికే ఒంటిచేత్తో పత్రిక లాగటం కష్టమయితే, మన సెక్రటరీ వల్ల అవుతుందా? ఒక్కడే మోస్తే, మోసేవాడు పడిన రోజు పత్రికా పడుద్ది. పదిమంది మోస్తే ఒకరు భుజం మార్చుకున్నా నడుస్తది.

అట్లా పదిమంది మోసిన పత్రికలూ ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ జిల్లాలో 2002లో ఖబర్ లహరియా మొదలయింది. నడిపింది పల్లెటూరి ఆడవాళ్లు, అందులో చాలామంది దళితులు. వాళ్ల ఇంటి భాష బుందేలీలోనే రాశారు. మన జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు సంగం రేడియో నడిపారు. వాళ్లు పట్నం భాష నేర్చుకునేదాకా ఆగలేదు.

ఇక ఎట్లా నడపాలి? కమిటీ అనుకున్నవి ఇవి.

ఒకటి. ప్రతి వార్డు నుంచి ఒకరు, కాలవ పని, చెత్త బండి, డంపింగ్ యార్డు పనివాళ్ల నుంచి ఒక్కొక్కరు, నెలకు ఒక్క సంగతి ఇవ్వాలి. రాయటం రానివాళ్లు చెప్పండి, చదువుకునే మన పిల్లలు రాస్తారు. రాసింది మీకు చదివి వినిపించి, ఔనంటేనే వేస్తాం. మీ మాటను మార్చం. "ఊడ్సినం" అని చెప్తే "ఊడ్సినం" అనే ఉంటది.

రెండు. చూసేవాళ్లు అయిదుగురు. ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కాబట్టి ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. ఆరు నెలలకు ఒకసారి మారాలి. మాల, మాదిగ, రెల్లి అందరూ ఉండాలి. ఒకే కులం చేతిలో పత్రిక ఉంటే మిగతావాళ్లకు అది కూడా ఊళ్లో పత్రికే అవుతుంది.

మూడు. తేదీ, వార్డు, సాక్షి లేకుండా ఎవరి మీదా ఆరోపణ వేయం. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల మాట కూడా అడుగుతాం. బూతులు రాయం. నిజం ఉన్నప్పుడు బూతు అక్కర్లేదు.

నాలుగు. పేరు వేస్తే పని పోతుందని భయం ఉంటే పేరు వేయం, సంఘం పేరుతో వస్తుంది. జవాబుదారీ సంఘానిది. ఒకళ్లను పనిలోంచి తీస్తే అందరం ఆఫీసు ముందు కూర్చోవాలి. ఆ మాట ఇవ్వలేకపోతే పత్రిక మొదలుపెట్టవద్దు.

అయిదు. కాంట్రాక్టరు డబ్బు, నాయకుల ప్రకటన పైసా కూడా వద్దు. మనిషికి నెలకు పది రూపాయలు. ఆ లెక్క కూడా పత్రికలోనే వేస్తాం. సంఘం నాయకుల తప్పు ఉంటే అదీ వేయాలి. మమ్మల్ని అడిగే హక్కు మీకు లేకపోతే, ఆఫీసర్ని అడిగే హక్కు మనకు ఎక్కడిది?

క్రమం తప్పకుండా వార్తలు అచ్చేసి ప్రజల్లోకి పంపాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. 1867 నాటి పాత చట్టం పోయింది. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఆ పని కమిటీ చూసుకుంటది. అందాకా సంఘం ఆఫీసు గోడకు ఒక పెద్ద కాగితం అంటించి చేత్తో రాద్దాం. ఫోన్ గ్రూపులో పెట్టిన మాట సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడి కనపడకుండా పోతుంది. గోడ మీది కాగితం నెలంతా కనపడుద్ది. దించాక ఫైలు కడతాం.

మిత్రులారా, చదువు మనకు ఎవరూ దానంగా ఇవ్వలేదు, వింటే చెవుల్లో సీసం పోస్తామన్నారు. ఇవాళ మన పిల్లలు చదువుతున్నారు. ఊరి చెత్త ఎక్కడ ఉందో, ఎవరు పోశారో మనకంటే బాగా తెలిసినవాడు ఈ ఊళ్లో లేడు. తెలిసింది చెప్పుకుంటే మాట, రాసిపెట్టుకుంటే సాక్ష్యం.

మొదటి కాగితంలో మొదటి సంగతి ఏదో ఇప్పుడే తేల్చుదాం. కమిటీ అడిగేది ఒకటే. ఈ ఊళ్లో మురుగు పనిలో ఇంతవరకూ చనిపోయిన మనవాళ్ల పేర్లు, తేదీలు, వీధులు. ఎవరికి ఎంత గుర్తుంటే అంత చెప్పండి. నోటు పుస్తకం ఇక్కడే ఉంది. ముందు వెనక వరసలో ఉన్న పెద్దమ్మలు చెప్పండి.

జై భీమ్.