పై అంకె, కింది అంకె



సంక్రాంతికి ముందు మా అత్తగారికి రక్తపరీక్షలు చేయించాం. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. కొలెస్టరాల్, మూడు నెలల సుగరు, క్రియాటినిన్ అన్నీ హద్దుల్లోనే వచ్చాయి. "చూశావా, నాకేం రోగం లేదు" అంటూ ఆవిడ ఆ కాగితాన్ని పట్టుచీరెల మధ్య దాచుకున్నారు. అదే రోజు నర్సు రాసిచ్చిన చిన్న చీటీని మాత్రం ఎవ్వరం పట్టించుకోలేదు. అందులో బి.పి. 168, 70 అని ఉంది. "వయసుకి వంద కలుపుకోవాలే, ఇది మామూలే" అన్నారావిడ. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గురించే ఈవేళ నాలుగు మాటలు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది ఉబ్బి కొంత రక్తాన్ని తనలో నిలుపుకుంటుంది. గుండె సడలినప్పుడు తాను ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. అందుకోసం దాని గోడలో ఎలాస్టిన్ అనే సాగే పోగులున్నాయి. అవి చాలావరకు మనం తల్లి కడుపులో ఉండగానూ, పసితనంలోనూ తయారైనవే. తరవాత కొత్తవి పెద్దగా రావు. రోజుకి సుమారు లక్షసార్లు సాగే పోగులు అరవై ఏళ్ళకి ఏమవుతాయో పిల్లల లాగుల్లో పాత లాస్టిక్ మార్చే మనకి ఒకరు చెప్పాలా? రబ్బరు తెగిపోయి నూలు మిగులుతుంది. నాళంలో ఆ నూలులాంటిది కొల్లాజెన్. గట్టిదే, కాని సాగదు. అప్పుడు పై అంకె పెరిగి, కింది అంకె తగ్గుతుంది. మనమేమో కింది అంకె తక్కువుందని సంతోషిస్తాం! పెద్దవయసులో రెండింటికీ తేడా 60 దాటితే నాళాలు బిరుసెక్కాయేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. మా అత్తగారికి 98.

మరి రక్తపరీక్షలో ఇది తెలియదా అంటారు. గోడని పాడుచేసే వస్తువులేవో అది చెబుతుంది గాని, గోడ ఎలా ఉందో చెప్పదు. సుగరు సంగతే చూడండి. చక్కెర హిమోగ్లోబిన్‌కి అంటుకున్నట్టే కొల్లాజెన్‌కీ అంటుకుని, పాకం అంటిన వేళ్ళలాగా పోగుల్ని ఒకదానికొకటి బిగించేస్తుంది. రక్తకణాలు మూడు నాలుగు నెలల్లో మారిపోతాయి కనుక, పథ్యం చేస్తే రిపోర్టు బాగుపడుతుంది. కొల్లాజెన్ అంత త్వరగా మారదు, పాత పాకం అలాగే ఉంటుంది. సి.ఆర్.పి. అని ఇంకొకటుంది. ఒంట్లో వాపు, మంట ఉంటే కాలేయం దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. కాని చిగుళ్ళు వాచినా, జ్వరం తగిలినా కూడా అది పెరుగుతుంది. బిరుసుని కొలవాలంటే నాడి అల మెడ నుంచి గజ్జ దాకా ఎంత వేగంగా పోతోందో చూసే యంత్రం ఉంది. నాళం బిరుసైనకొద్దీ అల పరుగెడుతుంది. సెకనుకి 10 మీటర్లు దాటితే బిరుసెక్కినట్టే. అది అన్నిచోట్లా దొరకదు. బి.పి. పట్టీ దొరుకుతుంది కదా!

ఆ "వయసుకి వంద" మాట ఒకప్పుడు డాక్టర్లూ అన్నదే. అమెరికాలో 60 దాటి, పై అంకె ఒక్కటే ఎక్కువున్న 4,736 మందిలో కొందరికి మందు, కొందరికి ఉత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. మందు వేసుకున్నవాళ్ళలో పక్షవాతం నూటికి 36 వంతులు తగ్గిందని 1991లో తేలింది.

ఉగాదికి మా ఆడపడుచు వచ్చి తన మిషనుతో చూస్తే 176, 68. నాకు కాళ్ళు వణికాయి. మూడు నెలలు చీటీ నా పోపుల డబ్బా కిందే ఉంది మరి. డాక్టరుగారు ఆవిణ్ణి అయిదు నిమిషాలు కూర్చోబెట్టి రెండు చేతులకీ చూశారు, నిలబెట్టీ చూశారు. చిన్న మోతాదులో బిళ్ళ మొదలుపెట్టారు. పచ్చళ్ళతో, అప్పడాలతో కలిపి రోజుకి ఉప్పు ఒక్క చెంచాకి, అంటే 5 గ్రాములకి మించకూడదన్నారు.

ఇప్పుడు పై అంకె 144. సాయంత్రాలు గుడి దాకా నడుస్తున్నారు. ఆవకాయ మాత్రం పూర్తిగా మానలేదు. ముక్క కడుక్కుని తింటున్నానంటారు. నేను వంటింట్లో లేనప్పుడు కడుగుతున్నారో లేదో మరి. సెలవు.